అద్దాల పెట్టెలో పాముపిల్ల... వెచ్చగా చూసేదెవరు?

పాముల బుట్ట భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు ఒకప్పుడు మనకు బాగా తెలుసు. ఇప్పుడు పాములు విమానాలెక్కుతున్నాయి! 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి వచ్చి చెన్నై విమానాశ్రయంలో దిగిన ఒక మహిళ సామానులో 22 పాములు దొరికాయి. అదే ఏడాది జూలై నెలాఖరులో తిరుచిరాపల్లిలో మరో ప్రయాణికుడి పెట్టె తెరిస్తే 47 కొండచిలువలు, రెండు బల్లులు బయటపడ్డాయి. 2024 ఏప్రిల్‌లో బెంగళూరులో ఇంకొకరి సామానులో పది పసుపు అనకొండలు!

ఇవన్నీ ఎందుకు తెస్తున్నారు? విషం కోసం అనుకుందామా అంటే కొండచిలువలకీ, అనకొండలకీ విషం ఉండదు. చర్మం కోసం అనుకుందామా అంటే జానెడు పిల్లల చర్మం ఎవరికి కావాలి? మరెందుకంటే... పెంచుకోవడానికి. అవును, కుక్కపిల్లనీ పిల్లికూననీ పెంచుకున్నట్టే పాముపిల్లని ఇంట్లో అద్దాల పెట్టెలో పెట్టి, కింద వెచ్చదనం ఏర్పాటు చేసి మురిపెంగా పెంచుకోవడానికి!

"మా ఇంటికి రాదులే ఈ గోల" అని పేజీ తిప్పేయకండి. అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉన్న మీ అమ్మాయి ఇంట్లో మనవడు ఈపాటికే అడిగి ఉండొచ్చు. లేదా ఇక్కడే ఇంటర్ చదివే మీ అబ్బాయి సెల్‌ఫోనులో వీడియోలు చూసి అడగబోతూ ఉండొచ్చు. అడిగినప్పుడు "ఛీ, పామేంట్రా!" అని కసిరితే సరిపోదు. ఈ సరదా ఏమిటో, దాని వెనకున్న బరువేమిటో తెలిసి ఉంటే కాదన్నా, సరేనన్నా కారణం చెప్పగలుగుతాం.

ఇదేం సరదా?

అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో పాముల్ని పెంచుకోవడం దశాబ్దాలుగా ఉన్న అలవాటే. పెట్ షాపుల్లో బాహాటంగా అమ్ముతారు. కొత్తగా పెంచేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు కొంటారు. ఒకటి కార్న్ స్నేక్. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము, నారింజ ఎరుపు రంగు మచ్చలతో చూడచక్కగా ఉంటుంది. రెండోది బాల్ పైథాన్. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల చిన్నజాతి కొండచిలువ. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది కాబట్టి ఆ పేరు. రెండింటికీ విషం లేదు.

మొరగవు, జుట్టు రాల్చవు, రోజూ తిండి అడగవు, షికారుకు తీసుకెళ్లక్కర్లేదు. అపార్ట్‌మెంట్లలో కుక్కల్ని ఒప్పుకోని యజమానులు కూడా కొందరు వీటిని ఒప్పుకుంటారు. ఇంతకన్నా సులువేముంది అనిపిస్తుంది. ఆ సులువు ఎంతవరకు నిజమో పెట్టె అమరిక చూస్తేనే తెలుస్తుంది.

పెట్టె అంటే ఒట్టి పెట్టె కాదు

మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. పాముకి ఆ శక్తి లేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒళ్లూ అంతే. అడవిలోనైతే చలేస్తే ఎండలోకి పాకుతుంది, వేడెక్కితే బొరియలోకి దూరుతుంది. పెట్టెలో పెట్టామా... ఎండా, నీడా రెండూ మనమే ఇవ్వాలి. చలిలో ఉంటే మింగిన ఎలుక అరగదు. కడుపులోనే కుళ్లుతుంది, లేదా కక్కేస్తుంది. పిల్లపాము అలా ఒకటికి రెండుసార్లు కక్కితే బతకడం కష్టమే.

అందుకని పెట్టెలో ఒక కొస వెచ్చగా, రెండో కొస చల్లగా ఉండాలి. కార్న్ స్నేక్ పిల్లకి వెచ్చని కొస 30 డిగ్రీల సెల్సియస్ దాకా, చల్లని కొస 24 డిగ్రీల దగ్గర ఉండాలి. బాల్ పైథాన్‌కి మరికాస్త ఎక్కువ... ఒకవైపు 32, మరోవైపు 26 డిగ్రీల దాకా. పెట్టె మధ్యలో వేడి పెట్టేస్తే దానికి ఎటు పోవడానికీ దారుండదు.

వేడికి పెట్టె అడుగున హీట్ మ్యాట్ పరుస్తారు, లేదా పైన దీపం అమరుస్తారు. మ్యాట్ అడుగుభాగంలో మూడో వంతుకి మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం థర్మోస్టాట్. మన ఇస్త్రీపెట్టెలో ఉండేలాంటిదే, వేడి హద్దు దాటగానే కరెంటు ఆపుతుంది. చాలామంది ఖర్చు తగ్గుతుందని దీన్ని మానేస్తారు. పాములు ఒంటికింద కాలుతున్నా కదలకుండా పడుకుని పొట్ట బొబ్బలెక్కించుకున్న సందర్భాలు పశువైద్యులకు కొత్తకాదు. వెచ్చగా ఉంది కదా అని దీపం పెట్టె లోపల వేలాడదీసినా ఇదే ప్రమాదం, పాము దానికే చుట్టుకుంటుంది. కాబట్టి దీపానికి జాలీ ఉండాలి, చెరో కొసన ఒక థర్మామీటరూ ఉండాలి.

పెట్టె పెద్దదైతే పిల్ల బెదురుతుందంటారు. అసలు బెదురు పెట్టె పెద్దదైనందుకు కాదు, దాక్కోవడానికి చోటు లేనందుకు. రెండు కొసల్లోనూ చెరో గూడు, మధ్యలో ఆకులూ బెరడు ముక్కలూ ఉంటే పెద్ద పెట్టెలోనూ నిబ్బరంగా ఉంటుంది. గూడు ఒక్క వెచ్చని వైపే పెడితే, చల్లదనం కావాలో దాపరికం కావాలో తేల్చుకోలేక నలుగుతుంది. అద్దం నాలుగువైపులా కనబడుతుంది కాబట్టి వెనకా పక్కలా నల్ల కాగితం అంటిస్తే దానికి ధైర్యం.

నేలమీద ఆస్పెన్ చెక్కపొట్టు గానీ, కొబ్బరిపొట్టు గానీ పరుస్తారు. దేవదారు పొట్టు పనికిరాదు, దాని ఘాటు ఊపిరికి చెరుపు. తాగడానికి నీళ్ల గిన్నె ఉండాలి. గాలిలో తేమ కార్న్ స్నేక్‌కి నలభై యాభై శాతం చాలు, బాల్ పైథాన్‌కి అరవై దాకా కావాలి. తేమ చాలకపోతే కుబుసం ఒక్క తొడుగులా ఊడిరాదు. ముక్కలుముక్కలుగా కంటిమీదా తోకచివరా అతుక్కుపోతుంది. ఇక పైమూతకి గొళ్లెం తప్పనిసరి. పెన్సిలంత లావుండే పిల్ల ఎంత సందున్నా దూరిపోతుంది.

ఇంతా చేసి పెట్టెని ఖాళీగా కొన్నిరోజులు నడిపి, వేడి నిలకడగా ఉందని తేలాకే పిల్లని తెచ్చుకోవాలి. తెచ్చాక వారం రోజులు ముట్టుకోకూడదు. మన పిల్లలు ఆగుతారా? ముచ్చటంతా ముట్టుకోవడంలోనే కదా! మొదటి పరీక్ష అక్కడే.

ఫ్రీజర్‌లో ఎలుకపిల్లలు!

పాము పాలు తాగదు, పండు తినదు, చపాతీ ముట్టదు. దానికి ఎలుక కావాలి. పిల్లపాముకి అయిదారు రోజులకో వారానికో, అప్పుడే పుట్టిన, బొచ్చైనా రాని ఎలుకపిల్ల ఒకటి. ప్రాణంతో ఉన్న ఎలుకని వేస్తే పాముకే గాయాలవుతాయి కాబట్టి, గడ్డకట్టించినవి పెట్ షాపులో ప్యాకెట్లలో అమ్ముతారు. వాటిని ఇంటి ఫ్రీజర్‌లో దాచాలి. వేళకు బయటికి తీసి, ప్యాకెట్టుతో సహా గోరువెచ్చని నీళ్లలో ఉంచి, పటకారుతో అందించాలి. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

ఇప్పుడు చెప్పండి, ఆ ఫ్రీజర్ ఎవరి వంటింట్లోది? కరివేపాకు, పచ్చికొబ్బరి కోరు, అమ్మమ్మ పంపిన గోంగూర దాచుకునే అరలో ఎలుకపిల్లల ప్యాకెట్టు! శాకాహారుల ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొడుకు ముచ్చటకీ, ఇంటి మడికీ మధ్య నలిగేది తల్లే. విడిగా చిన్న ఫ్రీజర్ కొనడం తప్ప దీనికి మార్గం లేదు.

ఇది మడి గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. పాములూ తాబేళ్లూ బల్లులూ చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా సాల్మొనెల్లా బాక్టీరియాని మోస్తూ ఉండొచ్చు. వాటి మలంలో, పెట్టెలో, నీళ్ల గిన్నెలో, వాటికి పెట్టే ఎలుకల్లో కూడా అది ఉంటుంది. పెద్దవాళ్లకి విరేచనాలు, జ్వరంతో పోవచ్చు గానీ పసిపిల్లలకి రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అయిదేళ్ల లోపు పిల్లలు, 65 దాటిన వృద్ధులు, వ్యాధినిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇళ్లలో ఈ జీవాలు వద్దంటుంది. ఇదే కారణంతో నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని ఆ దేశం 1975లోనే నిషేధించింది.

మనవళ్లని చూసుకోవడానికి ఆరునెలలు అమెరికా వెళ్లే అమ్మమ్మలూ నాయనమ్మలూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో పెద్దవాడికి పాము, చిన్నదానికి పాకే వయసు, మీకు అరవై అయిదు... ఈ మూడూ ఒక్క కప్పు కింద కుదరవు. పాము పెట్టె సామాను వంటింటి సింకులో కడగకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పామును ముద్దుపెట్టుకుంటూ ఫొటోలు దిగకూడదు.

అడిగింది వాడు, చాకిరీ ఎవరిది?

కుక్కపిల్ల కావాలని ఏడ్చేది పిల్లాడు, గిన్నె కడిగేది అమ్మ. చేపల తొట్టె కొనిపించుకునేది అమ్మాయి, నీళ్లు మార్చేది అమ్మ. ఇది మనకు తెలిసిన కథే. పాముతో ఈ కథ చాలా పొడుగ్గా సాగుతుంది. కార్న్ స్నేక్ పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. బాల్ పైథాన్ ముప్ఫై ఏళ్ల దాకా ఉంటుంది. అమెరికాలోని సెయింట్ లూయీ జంతుప్రదర్శనశాలకి 1961లో ఒకాయన తన బాల్ పైథాన్‌ని ఇచ్చేశాడు. అది 2020లో, అరవై రెండేళ్లు దాటిన వయసులో గుడ్లు పెట్టి వార్తలకెక్కింది!

పదేళ్ల పిల్లాడు ముచ్చటపడి తెచ్చుకున్న పాము, వాడు కాలేజీ హాస్టలుకి వెళ్లేనాటికి నడివయసుకైనా రాదు. హాస్టల్లో పామును ఒప్పుకోరు. అప్పుడు థర్మోస్టాట్ చూసేదీ, ఎలుకని వెచ్చబెట్టేదీ ఎవరు? సెలవుల్లో ఇండియా వస్తే దాన్ని ఎవరికి అప్పగించాలి? పక్కింటివాళ్లు మొక్కలకి నీళ్లు పోస్తారు గానీ, పాము దగ్గరికి వస్తారా? కరెంటు పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్లు రోజుల తరబడి కరెంటు లేక గడ్డకట్టాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్ కూడా ఆ దెబ్బ తిన్నాయి. మనుషులే దుప్పట్లలో వణికిన ఆ రాత్రుల్లో తీగమీద నడిచే వెచ్చదనం ఎక్కడ నిలుస్తుంది?

ఆ పిల్ల ఎక్కడ పుట్టింది?

షాపులో పెట్టెలో కనబడేది ఒక్క పిల్ల. దాని వెనక పెద్ద వ్యాపారమే ఉంది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి 1975 తర్వాత 30 లక్షలకు పైగా బాల్ పైథాన్లు ఎగుమతయ్యాయి. బొరియలు తవ్వి గుడ్లతో ఉన్న ఆడపాముల్ని పట్టుకొచ్చి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని విదేశాలకు పంపే పద్ధతి అక్కడ నడుస్తోంది. విచిత్రమేమిటంటే బెనిన్‌లోని విదా పట్టణంలో ఇదే పాముకి గుడి ఉంది! అక్కడివాళ్లు దాన్ని దేవతగా కొలుస్తారు. మనం నాగుల చవితికి పుట్టకి మొక్కి, మర్నాడు పెరట్లో పాము కనబడితే కర్ర తీయమూ? అలాంటిదే ఇదీ.

అమెరికాలో ఇళ్లలో పుట్టిన పిల్లలూ బోలెడు దొరుకుతాయి. అక్కడ ఇంకో పేచీ. చీరల డిజైన్లు మార్చినట్టు రకరకాల రంగులు, చారల కోసం ఎంపికచేసి జత కట్టిస్తారు. "స్పైడర్" అనే చారల రకం బాల్ పైథాన్ చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ చారలతోపాటే తల వణుకు, తూలుడు పుట్టుకతో వస్తాయి. కొన్ని తమ తిండిని కూడా గురిచూసి అందుకోలేవు. అందం కోసం జబ్బుని అమ్ముతున్నట్టే కదా!

విసుగు పుడితే...

పెంచలేక వదిలేస్తే ఏమవుతుందో ఫ్లోరిడా చెబుతుంది. ఆగ్నేయాసియాకి చెందిన బర్మీస్ పైథాన్ పిల్లల్ని ముచ్చటపడి కొన్నవాళ్లు, అవి పది పన్నెండు అడుగులయ్యాక భయపడి చిత్తడి అడవుల్లో వదిలారు. కొన్ని తప్పించుకున్నాయి. అక్కడి వెచ్చని వాతావరణంలో ఇవే సంతానం పెంచుకున్నాయి. ఎవర్‌గ్లేడ్స్ అడవిలో రక్కూన్లు 99 శాతం, ఒపోసమ్‌లు దాదాపు అంతే, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లులు 87 శాతం తక్కువగా కనబడుతున్నాయని 2012లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ ఏడాదే అమెరికా ఈ పాము దిగుమతిని నిషేధించింది. 2023లో అక్కడ 19 అడుగుల పాముని పట్టారు. పిల్లగా అదీ ఒక చిన్న పెట్టెలో సరిపోయే జాతే!

వాటిని పట్టలేక ఫ్లోరిడావాళ్లు 2017లో ఎవరిని పిలిచారో తెలుసా? మన పక్కనే తమిళనాడులోని ఇరుళ తెగవాళ్లని. మాసి సడయాన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు అక్కడికెళ్లి, అధునాతన పరికరాలు కనిపెట్టలేని పాముల్ని జాడ చూసి పట్టిచ్చారు. 2023లో మన ప్రభుత్వం వాళ్లని పద్మశ్రీతో గౌరవించింది. పాముని పెట్టెలో పెట్టి చూసినవాళ్ల కన్నా, తరతరాలుగా పొలంగట్ల మీద చూసినవాళ్లకే దాని సంగతి ఎక్కువ తెలుసునన్నమాట.

మన చట్టం ఏమంటుంది?

ముందు మన పాముల మాట. నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు, కొండచిలువ... ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. కొండచిలువ లాంటి మొదటి షెడ్యూలు జీవుల విషయంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం పాతికవేల జరిమానా. "పెరట్లో దొరికింది, పెంచుకుంటున్నాం" అంటే ఊరుకోరు.

విదేశీ పాముల సంగతి వేరు. 2022లో ఈ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జీవుల్ని పెంచుకునేవాళ్లు వాటిని నమోదు చేయించాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం, అప్పటికే ఉన్నవాటికి ఆ ఆగస్టు దాకా గడువిచ్చారు. కొత్తగా సంపాదిస్తే ముప్ఫై రోజుల్లో పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. కార్న్ స్నేక్ లేదు. అలాగని దాన్ని సూట్‌కేసులో పెట్టి తెచ్చుకోవచ్చని కాదు, అది కస్టమ్స్ చట్టం కింద దొంగరవాణాయే. ఎవరైనా "పేపర్లున్నాయి, తీసుకోండి" అంటే ఆ పేపర్లు ఏమిటో అడగండి. దిగుమతి అనుమతి ఎక్కడ, నమోదు ఎవరి పేరున అని అడగండి. కొన్నవాడి పేరే చివరికి కేసులో కనబడుతుంది.

అమెరికాలోనూ అన్నిచోట్లా ఒకే చట్టం లేదు. హవాయిలో ఏ పామునీ పెంచుకోకూడదు. మూడేళ్ల జైలు, రెండు లక్షల డాలర్ల దాకా జరిమానా! ఉద్యోగం మారి రాష్ట్రం మారినప్పుడు సామానుతోపాటు పాముని తీసుకెళ్లడానికి వీలుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఇక వాతావరణం. అక్కడ చలికి వేడి పెట్టాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఆ పెట్టెకి ఏసీ పెట్టాలి! 32 డిగ్రీల జీవాన్ని 45 డిగ్రీల మేడగదిలో అద్దాల మధ్య ఉంచడమంటే ఉడకబెట్టడమే.

అసలు భయం ఇక్కడ

వీడియోల్లో విషంలేని విదేశీ పాముపిల్లని మెడలో వేసుకున్నవాళ్లని చూసిన మన పిల్లాడు, వానాకాలంలో గోడవారన కనబడిన పిల్లపాముని "పిల్లే కదా" అని చేత్తో పట్టుకుంటే? నాగుపాము పిల్లకీ, కట్లపాము పిల్లకీ గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచే విషం ఉంటుంది. కట్లపాముని పోలిన విషంలేని పాము ఒకటి ఇళ్లలోకి వస్తుంటుంది. ఏది ఏదో అనుభవజ్ఞులే ఒక్కోసారి తడబడతారు.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పన్నెండు లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి ఈ మరణాలు సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో పొలం పనులకి పోయేవాళ్లు, నేలమీద పడుకునేవాళ్లు. ఒకచోట పాము ఖరీదైన ఆటవస్తువు, ఇంకోచోట యమపాశం. ఈ రెండింటి మధ్యే మన పిల్లలు పెరుగుతున్నారు.

కాదని ఎలా చెప్పాలి?

పాము మీద ఇష్టం చెడ్డది కాదు. భయపడి కొట్టి చంపేవాళ్లకన్నా, ఆసక్తిగా చూసే పిల్లలు నయం. ఆ ఆసక్తిని తుంచకండి, దారి మళ్లించండి. హైదరాబాద్ నెహ్రూ జూపార్కుకి, విశాఖ జూకి తీసుకెళ్లండి. చెన్నై వెళ్తే గిండీ స్నేక్ పార్కు చూపించండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఇళ్లలో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదులుతారు. వాళ్ల పని గురించి చెప్పండి. పాము కనబడితే కర్ర తీయకుండా, దూరంగా నిలబడి, అటవీశాఖకి ఫోన్ చేయడం నేర్పండి. కాటు పడితే మంత్రగాడి దగ్గరికి కాదు, ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలని నేర్పండి.

చట్టం ఒప్పుకునే దేశంలో ఉంటూ, పిల్లలు మరీ పట్టుబడితే మూడు ప్రశ్నలు వేయండి. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలు గానీ, ముసలివాళ్లు గానీ ఉన్నారా? ఇరవై ఏళ్ల తర్వాత ఇది ఎవరి దగ్గర ఉంటుంది? ఖాళీ పెట్టెని నెలరోజులు నువ్వే నడిపి, రోజూ రెండుపూటలా వేడి, తేమ పుస్తకంలో రాసి చూపిస్తావా? చాలామంది మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. నెలరోజులూ మానకుండా రాసినవాడు ఉన్నాడనుకోండి... వాడి మాట కొంచెం ఆలోచించాల్సిందే. అయితే ఆ పుస్తకం వాడి చేతిలోనే ఉండాలి, అమ్మ చేతికి రాకూడదు. అదొక్కటి మాత్రం ముందే ఖాయం చేసుకోండి!